నగ్గర్ కోట: సున్నం లేని గోడలు

(ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న లెక్క తేలుద్దాం. మనాలి వెళ్లొచ్చినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? చేతులెత్తండి. అబ్బో, సగం హాలు ఉందే. దించకండి, అలాగే ఉంచండి. మీలో నగ్గర్ చూసినవాళ్లు మాత్రం ఉంచి మిగతావాళ్లు దించేయండి. అదీ. ముగ్గురు మిగిలారు. వెనకాల ఆ బాబు సగం ఎత్తాడు, బస్సులోంచి చూసినట్టున్నాడు.

మీ తప్పేం లేదు లెండి. మనవాళ్ల ప్యాకేజీ టూర్లన్నీ హిమాచల్‌లో కులు నుంచి మనాలికి బియాస్ నదికి కుడి గట్టున ఉండే హైవే మీదే పరుగెడతాయి. నగ్గర్ ఉన్నది ఎడమ గట్టున. పట్లీకుహల్ అనే చోట వంతెన దాటి, అవతల కొండ ఎక్కాలి. మనాలికి ఇరవై కిలోమీటర్ల చిల్లర అంతే. ఆపిల్ తోటల మధ్య మెలికల రోడ్డు, ఆ రోడ్డు చివర ఒక ఊరు, ఆ ఊళ్లో లోయ అంచున ఒక కోట. నదికి బాగా ఎత్తున ఉంటుంది ఊరు. ఈ ఎత్తు సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పనుంది.

కోట అన్నాను కదా, మీ కళ్లముందు ఏం కనిపించింది? గోల్కొండ కనిపించి ఉంటుంది, లేకపోతే గండికోట. పెద్ద బురుజులు, ఏనుగు పట్టే దర్వాజా, ఫిరంగులు. అవేం లేవక్కడ. నగ్గర్ వెళ్లి 'కోట ఎక్కడండీ' అని అడిగితే మీరు దాని ముందే నిలబడి ఉంటారు. పెద్ద ఇల్లు, అంతే. బాగా పెద్ద ఇల్లు. కింద రాతి పీఠం, దాని మీద రాయీ కర్రా పొరలు పొరలుగా గోడలు, పై అంతస్తులో లోయ వైపుకి ముందుకు పొడుచుకొచ్చిన చెక్క వసారాలు, ఆ పైన పలకరాళ్ల కప్పు. ఇంగ్లీషువాళ్లు దీన్ని క్యాజిల్ అన్నారు, బోర్డు మీద అదే ఉండిపోయింది. రాజుగారి ఇల్లు అనుకోండి, సరిపోతుంది. యుద్ధం కోసం కట్టింది కాదు. మరి దేని కోసం కట్టారో, ఎలా కట్టారో, ఇంతకాలం ఎలా నిలబడిందో, అదే ఇవాళ్టి మాట. నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరుని, కాంక్రీటు పోయించి బతికినవాణ్ణి, కాబట్టి రాజుల కంటే గోడల గురించే ఎక్కువ మాట్లాడతాను. ముందే చెబుతున్నా, తర్వాత తిట్టుకోవద్దు.

రాజుల సంగతి త్వరగా కానిచ్చేద్దాం. కులు రాజ్యానికి మొదటి రాజధాని నగ్గర్ కాదు, ఇంకొంచెం ఎగువన, అదే ఎడమ గట్టు మీద జగత్‌సుఖ్ అనే ఊరు ఉంది, అది. అక్కడినుంచి నగ్గర్‌కి మారారు. ఆ తర్వాత వందల ఏళ్లు నగ్గరే రాజధాని. మొదట్లో కులు రాజుల పేర్లన్నిటికీ చివర 'పాల్' ఉండేది. మధ్యలో రాజ్యం చేజారిపోయింది, లోయంతా చిన్న చిన్న రాణాలు, ఠాకూర్లు పంచుకున్నారు. అప్పుడు సిద్ధ్ సింగ్ అనే ఆయన వచ్చి మళ్లీ నిలబెట్టాడు. పాల్ పోయి సింగ్ వచ్చింది ఈయనతోనే.

ఈయన గురించి అక్కడ ఒక కథ చెబుతారు, మనకి నచ్చే కథ. చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లో ఈయన దారిన పోతుంటే ఒక ముసలావిడ ఎదురైందట. నడవలేకపోతున్నాను నాయనా అంటే వీపు మీద ఎక్కించుకుని మోశాడట. కొంతదూరం పోయాక ఆవిడ కిందకి దిగి, ఈయన్ని తన భుజం మీదకి ఎత్తుకుందట. ఎత్తుకుని, 'ఎంతవరకు కనిపిస్తోంది?' అని అడిగింది. ఇదిగో ఇక్కడిదాకా కనిపిస్తోంది అన్నాడు. 'కనిపించినదంతా నీదే పో' అంది. ఎవరావిడ? హిడింబి. మన భీముడి భార్య, ఘటోత్కచుడి తల్లి. అందుకే ఈ రోజుకీ కులు రాజకుటుంబం వాళ్లు హిడింబిని నాయనమ్మ వరసతో పిలుస్తారు. మనాలిలో మీరంతా ఫొటోలు దిగిన గుడి ఆవిడదే. రాక్షసిని నాయనమ్మ అని పిలుచుకునే రాజవంశం ఇంకెక్కడైనా ఉందా? నాకైతే తెలీదు.

ఈ సిద్ధ్ సింగే నగ్గర్ కోట కట్టించాడంటారు. ఎప్పుడు? ఎక్కడ చదివినా, టూరిజం వాళ్ల పత్రాల్లో, గైడ్ల నోట, ఒకటే సంవత్సరం: 1460. ఇక్కడ కొంచెం ఆగుదాం. మనాలిలో హిడింబి గుడి ఉంది కదా, దాని మీద శాసనం ఉంది. 1553లో బహదూర్ సింగ్ కట్టించాడని. ఈ బహదూర్ సింగ్ ఎవరి కొడుకు? సిద్ధ్ సింగ్ కొడుకు. అంటే నాన్న 1460లో ఇల్లు కట్టుకుంటే, కొడుకు 93 ఏళ్ల తర్వాత గుడి కట్టించాడన్నమాట. నాన్న పాతికేళ్లకే ఇల్లు కట్టాడనుకున్నా, ఆయన బాగా ముసలితనంలో కొడుకుని కన్నాడనుకున్నా, ఎలా సర్దినా లెక్క కుదరడం కష్టం. పంజాబు కొండ రాజ్యాల చరిత్ర రాసినవాళ్లు సిద్ధ్ సింగ్ కాలాన్ని 1500 ప్రాంతంలో పెడతారు. అది కుదురుతుంది. కాబట్టి నన్నడిగితే కోటది 1500 తర్వాతి కాలం, పదహారో శతాబ్దం మొదట్లో అంటాను. 1460 అని బోర్డు పెట్టినవాళ్లతో గొడవకి దిగకండి, గైడుతో అసలు దిగకండి, పాపం ఆయనకి ఎవరో చెప్పింది ఆయన చెబుతాడు. మీ మటుకు మీరు తెలుసుకోండి, చాలు.

ఇంకో కథ ఉంది, ఇది కట్టడానికి సంబంధించింది. నదికి అవతల గట్టున బడాగఢ్ అనే చోట భోసల్ అనే రాణా కోట ఒకటి ఉండేదట. ఆ కోట పడిపోయాక, దాని రాళ్లు ఇక్కడికి తెచ్చారట. ఎలా తెచ్చారు? బళ్ల మీద కాదు, గాడిదల మీద కాదు. అవతల కొండ నుంచి నది దాటి ఈ కొండదాకా జనం వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి అందించుకుంటూ తెచ్చారట. వినడానికి బాగుంటుంది. నిజమా అంటే, కథలో ఎంత ఉంటుందో అంతే. కానీ నా ఇంజనీరు బుద్ధి ఏమంటుందంటే, ఆ గోడల్లో రాళ్లు చూస్తే చేతి నుంచి చేతికి అందించగలిగే సైజే ఎక్కువ. ఒక మనిషి ఎత్తగలిగేవి, మహా అయితే ఇద్దరు. మన కోటల్లోలాగా ఏనుగులు లాగాల్సిన బండలు కావు. కొండ మీద క్రేన్లు ఉండవు, బండి తిరిగే దారి ఉండదు. మనిషి మోయగలిగిందే గోడలోకి వస్తుంది. కథ అబద్ధమైనా అందులో పని తెలిసినవాడి చూపు ఒకటి ఉంది.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. నేను ఇక్కడికొచ్చిందే దీని కోసం.

కోట బయటి గోడ మూల దగ్గరికి వెళ్లి నిలబడండి. గది గోడ కాదు, బయటి మూల. కింద నుంచి చూడండి. రాతి వరస. దాని మీద దేవదారు దూలం అడ్డంగా. దాని మీద రాతి వరస. మళ్లీ దూలం. ఇలా పైదాకా. మధ్యలో సిమెంటు లేదు సరే, అప్పటికి సిమెంటు ఎక్కడిది. సున్నం కూడా లేదు. బంకమట్టి కూడా లేదు. రాయి మీద రాయి, రాయి మీద కర్ర, కర్ర మీద రాయి, అంతే. చేత్తో తడిమి చూడండి, సందుల్లో వేలు దూరదు కొన్నిచోట్ల, కొన్నిచోట్ల దూరుతుంది. పాత దూలాల మీద బాడిసతో చెక్కిన గాట్లు కనిపిస్తాయి, రంపంతో కోసినట్టు నున్నగా ఉండదు. మూల దగ్గర ఈ గోడ దూలమూ ఆ గోడ దూలమూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, చివర్లు కాస్త బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక వరసలో ఇది పైన, మరో వరసలో అది పైన. రెండు చేతుల వేళ్లు ఇలా కలిపి పట్టుకున్నట్టు. ఈ పద్ధతిని వాళ్లు కాఠ్‌కుణీ అంటారు.

మీకు కనిపించేది ఒక దూలం. నిజానికి అవి రెండు. గోడ బయటి ముఖం వైపు ఒకటి, లోపలి ముఖం వైపు ఒకటి, రెండూ సమాంతరంగా పోతాయి. మధ్యలో ఉన్న ఖాళీని చిన్న రాళ్లతో నింపుతారు. మరి ఈ రెండు దూలాలూ దేనికది విడిపోకుండా? అక్కడక్కడా అడ్డంగా ఒక చిన్న కర్ర వేస్తారు. దాని రెండు చివర్లూ వెడల్పుగా, మధ్యలో సన్నగా చెక్కి, దూలాల్లో కోసిన గాడిలో కూర్చోబెడతారు. ఇక ఎటు లాగినా ఊడి రాదు. దాన్ని మాన్వీ అంటారు. మూలల్లో దూలాలు జరగకుండా కర్ర చీల దిగ్గొడతారు, దాని పేరు కడిల్. ఇనప మేకు ఎక్కడా లేదు. ఎందుకు లేదు? ఇనుము అక్కడ ఖరీదు, అది ఒక కారణం. అంతకంటే ముఖ్యం, ఇనప మేకు కొడితే చెమ్మకి అది తుప్పు పడుతుంది, తుప్పుతో ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న కర్రని చీలుస్తుంది. కర్ర చీల అయితే కర్రతో పాటే ఉబ్బుతుంది, కర్రతో పాటే ఆరుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రాతిగోడ ఎలా పడిపోతుందో తెలిస్తే ఈ గోడ ఎందుకు పడిపోదో తెలుస్తుంది. భూకంపం వచ్చినప్పుడు మామూలు రాతిగోడ ఒక్కసారిగా పక్కకి ఒరిగి పడిపోతుందని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. ముందు గోడ ఉబ్బుతుంది. బయటి వరస రాళ్లు బయటికి, లోపలి వరస లోపలికి, మధ్యలో నింపిన గులకరాళ్లు జారి కిందకి దిగుతాయి, దిగినకొద్దీ సందులో దిగ్గొట్టిన చీలలాగా పనిచేసి రెండు వరసలనీ ఇంకా విడదీస్తాయి. గోడ రెండుగా చీలిపోతుంది. రెండో ప్రమాదం మూలల్లో. ఈ గోడ ఒక వైపు ఊగుతుంది, పక్క గోడ ఇంకో వైపు, మూల నిలువునా విచ్చుకుంటుంది. నాలుగు గోడలు నాలుగు రేకుల్లా తెరుచుకుంటాయి, కప్పు మీద పడుతుంది. మనుషులు చనిపోయేది అక్కడే.

ఇప్పుడు మళ్లీ మన గోడ చూడండి. గోడ రెండుగా చీలకుండా ఏముంది? మాన్వీ ఉంది. మూల విచ్చుకోకుండా ఏముంది? మూల మూలకీ, వరస వరసకీ దూలాలు పెనవేసుకుని ఉన్నాయి. ఇవాళ మన భూకంప నిబంధనల్లో ఇటుక, రాతి ఇళ్లకి ఏం చెబుతారు? పునాది దగ్గర ఒక బ్యాండ్, కిటికీల కింద ఒకటి, లింటెల్ దగ్గర ఒకటి, కప్పు దగ్గర ఒకటి వేయమంటారు. గోడల చుట్టూ ఇంటికి నడికట్టు కట్టినట్టు. కాంక్రీటు బ్యాండ్లు మనం నాలుగు వేస్తే గొప్ప. వీళ్లు ప్రతి రెండు మూడు వరసలకీ ఒకటి వేశారు. ఎవరు చెప్పారు వీళ్లకి? ఏ కోడ్ బుక్కు చదివారు?

ఇంకో సంగతి. గోడలో సున్నం లేకపోవడం పేదరికం అనుకుంటాం. కాదు. సున్నమో సిమెంటో ఉన్న గోడకి ఒకటే పని తెలుసు, కదలకుండా గట్టిగా నిలబడడం. దాని శక్తికి మించి ఊపితే పగులుతుంది, ఒకసారి పగిలాక దాని పని అయిపోయింది. సున్నం లేని గోడలో ప్రతి రాయీ పక్క రాయి మీద కాస్త జరుగుతుంది, రాపిడి పుడుతుంది, భూకంపం తెచ్చిన బలంలో కొంత ఆ రాపిడికే ఖర్చైపోతుంది. ఊగడం ఆగాక దాదాపు ఉన్నచోటికే వచ్చి కూర్చుంటుంది. మన నులక మంచం ఉంది కదా, నలుగురు పిల్లలు ఎక్కి గెంతితే కిర్రుకిర్రుమంటుంది, కోళ్లు అటూ ఇటూ ఊగుతాయి, విరగదు. పిల్లలు దిగాక పట్టెలు ఇంకొంచెం బిగిస్తాం. ఈ గోడ సూత్రం అంతే. అయితే కోళ్లు నేలకి ఆనాలంటే మీద బరువు ఉండాలి, ఆ బరువు ఇచ్చేది పలకరాళ్ల కప్పు. పైనుంచి అది నొక్కి పట్టుకుంటే కింద పొరల మధ్య పట్టు ఉంటుంది. అందుకే ఎవరైనా తెలివిగా కప్పు తీసేసి తేలికని రేకులు వేస్తే కొంప ముంచుకున్నట్టే. కప్పు తేలికైతే మంచిదే కదా అని మనలాంటి ఇంజనీర్లే అనుకుంటాం. ఇక్కడ మాత్రం కాదు.

కింది అంతస్తులో రాయి పాలు ఎక్కువ, పైకి పోయినకొద్దీ కర్ర పాలు ఎక్కువ. కప్పు సంగతి పక్కన పెడితే, గోడల్లో బరువంతా కింద, తేలికంతా పైన. కిటికీలు, గుమ్మాలు చిన్నవి. తల వంచకపోతే దెబ్బ తగులుతుంది, నాకు తగిలింది. చలికి చిన్నవి పెట్టారంటారు, నిజమే, కానీ గోడలో రంధ్రం ఎంత చిన్నదైతే గోడ అంత గట్టి, అదీ నిజమే. పైన చెక్క వసారాలు పడమటి వైపుకి, లోయ మీదకి తెరుచుకుంటాయి. చలికాలం మధ్యాహ్నం ఎండ నేరుగా వచ్చి అక్కడ పడుతుంది. రాజుగారైనా ఎండ కాగాల్సిందే కదా. దేవదారులో నూనె ఉంటుంది, పురుగు తొందరగా పట్టదు, చెదలు ముట్టవు. వాసన కూడా బాగుంటుంది, గోడకి ముక్కు ఆనించి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఒక్క మాట. ఇదంతా రాజుగారి సొంత పరిజ్ఞానం అనుకోకండి. నగ్గర్ చుట్టూ ఊళ్లలో రైతుల పాత ఇళ్లు కూడా ఇలాగే కట్టి ఉంటాయి, కింద పశువులు, మధ్యలో ధాన్యం, పైన మనుషులు. గుళ్లు ఇలాగే కడతారు. బంజార్ దగ్గర చెహ్నీ కోఠీ అని ఒక బురుజు ఉంది, అదీ ఇంతే, ఇంకా ఎత్తు. ఊరి వడ్రంగికి తెలిసిన పనే రాజు కూడా చేయించుకున్నాడు, కాకపోతే పెద్దదిగా చేయించుకున్నాడు. నాకు ఈ కోట నచ్చడానికి ఇదే పెద్ద కారణం. రాజు బయటినుంచి ఎవరో స్థపతిని పిలిపించి ఊళ్లో ఎవరికీ లేని ఇల్లు కట్టించుకోలేదు.

సరే, ఇదంతా నోటి మాట. పరీక్ష ఎప్పుడు జరిగింది? 1905 ఏప్రిల్ 4, తెల్లవారుజామున, ఆరు దాటింది. కాంగ్రా భూకంపం. తీవ్రత 7.8 అని లెక్క. 20 వేల మంది దాకా చనిపోయారు. ధర్మశాల, కాంగ్రా పట్టణాలు నేలమట్టం. కాంగ్రా కోట ఉంది చూడండి, అది అసలు సిసలు కోట, జహంగీరు సైన్యం నెలల తరబడి ముట్టడి వేస్తే తప్ప 1620లో చేజిక్కలేదు. గజాల మందం రాతి గోడలు. ఒక్క పొద్దున శిథిలమైపోయింది. ఇవాళ మీరు చూసేది ఆ మిగిలిన ముక్కల్నే. నగ్గర్‌లో, పక్కనున్న జానాలో కూడా చాలా ఇళ్లు పోయాయి. కోట మాత్రం నిలబడింది.

ఇక్కడ నేను న్యాయంగా మాట్లాడాలి. కాంగ్రా ఆ భూకంపానికి దగ్గర, కులు దూరం. రెండిటినీ ఒకే తక్కెట్లో వేసి, చూశారా కర్ర గెలిచింది రాయి ఓడింది అని చప్పట్లు కొట్టడం సరికాదు. కానీ నగ్గర్ ఊళ్లోనే ఇళ్లు పడిపోయి, వాటి మధ్య ఆ పెద్ద ఇల్లు నిలబడింది చూడండి, ఆ పోలిక సరైంది. నేల ఒకటే, ఊపూ ఒకటే. కొన్ని నిలిచాయి, కొన్ని లేదు. తేడా ఎక్కడుంది? కట్టడంలో ఉంది.

ఇప్పుడు గోడ దాటి లోపలికి వెళ్దాం. లోపల ముంగిట్లో ఒక చిన్న గుడి ఉంటుంది, జగతీ పట్ అంటారు. అందులో విగ్రహం ఉండదు, ఒక పెద్ద రాతి పలక ఉంటుంది. దేవతలంతా తేనెటీగలుగా మారి, భృగు శిఖరం నుంచి ఈ రాతిని కోసుకుని ఎగరేసుకుంటూ తెచ్చి ఇక్కడ పెట్టారని నమ్మకం. లోయ మొత్తానికీ కష్టం వచ్చినప్పుడు దేవతలు ఇక్కడ కూర్చుని తీర్పు చెబుతారు. దేవతలు కూర్చోవడమేంటని మీకు అనిపించవచ్చు. కులులో ప్రతి ఊరికీ ఒక దేవత, ఆ దేవతకి పల్లకీ, ఆవేశం వచ్చి మాట్లాడే గూర్, లెక్కలు చూసే మనుషులు, భూములు, అన్నీ ఉంటాయి. మన పూనకాలు గుర్తొస్తాయి, కానీ ఇక్కడ దాన్ని ఒక పరిపాలనలాగా నడుపుతారు. కరువొస్తే, రోగాలొస్తే, ఊళ్ల మధ్య తగాదా ముదిరితే దేవతల్ని ఇక్కడికి పిలుస్తారు. ఇదేదో పాత కాలం ముచ్చట కాదండీ. 2006లో మనాలి దగ్గర పెద్ద స్కీయింగ్ రిసార్టు ఒకటి కడతామని ఒక కంపెనీ వస్తే, కొండల మీద దేవతల చోట్లు పోతాయని గొడవ లేచి, దేవతల సభ ఈ నగ్గర్ కోటలోనే పెట్టారు. వద్దని తీర్పు వచ్చింది. అంటే రాజధాని పోయినా, రాజు పోయినా, ఈ ఇంట్లో కోర్టు మాత్రం నడుస్తూనే ఉంది. మొదట్లో దేని కోసం కట్టారని అడిగాను కదా, సగం జవాబు ఇక్కడ ఉంది.

రాజధాని ఎలా పోయింది? పదిహేడో శతాబ్దంలో జగత్ సింగ్ అనే రాజు దాన్ని కిందకి, సుల్తాన్‌పూర్‌కి మార్చాడు, అదే ఇప్పటి కులు పట్టణం. 1660 ప్రాంతం. ఈయన ఒక బ్రాహ్మణుడి దగ్గర ముత్యాలున్నాయని ఎవరో చెబితే నమ్మి, ఇమ్మని వేధించి, ఆయన కుటుంబంతో సహా ఇంటికి నిప్పు పెట్టుకుని చనిపోవడానికి కారణమయ్యాడట. ఆ పాపం వెంటాడి తినబోయిన అన్నంలో రక్తం కనిపించేదట. పరిహారంగా అయోధ్య నుంచి రఘునాథుడి విగ్రహం తెప్పించి, రాజ్యం ఆయనకే ఇచ్చేసి, తాను సేవకుడినని ప్రకటించుకున్నాడు. కులు దసరా అలా మొదలైంది. మనకి విజయదశమితో పండగ అయిపోతుంది, వాళ్లకి ఆ రోజు మొదలవుతుంది, ఏడు రోజులు. రెండు వందలకి పైగా దేవతలు పల్లకీల్లో వస్తారు. మనాలి నుంచి నాయనమ్మ హిడింబి రానిదే కథ కదలదు. ఒక్కసారి చూడండి, దసరాకి సెలవులు ఎలాగూ ఉంటాయి.

రాజధాని దిగిపోయాక నగ్గర్ కోట వేసవి విడిదిగా ఉండిపోయింది. 1840లో సిక్కు సైన్యం కులుని పట్టుకుంది. 1846లో లాహోరు సంధితో ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. మొదటి అసిస్టెంట్ కమిషనరుగా వచ్చిన మేజర్ హే అనే ఆయనకి ఈ కోటని రాజవంశం వాళ్లు ఒక తుపాకీకి అమ్మేశారట. అవునండీ, ఒక్క తుపాకీకి. అప్పటికి వాళ్ల పరిస్థితి అలా ఉంది, రాజ్యం లేదు, పెద్ద ఇల్లు మేపడం కష్టం. హే దొర ఇంట్లో తనకి అలవాటైనవన్నీ పెట్టించుకున్నాడు, మెట్లు, నిప్పుగూళ్లు, పొగగొట్టాలు. ఇప్పుడు మీరు గదిలోకి వెళ్తే గోడలో నిప్పుగూడు కనిపిస్తుంది చూడండి, అది పాతది కాదు, దొరది. తర్వాత ప్రభుత్వం తీసుకుని కచేరీ పెట్టింది, విడిది గృహం చేసింది. 1978లో హిమాచల్ పర్యాటక సంస్థ చేతికి వచ్చింది, హోటలుగా నడుపుతోంది. గది తీసుకుని పడుకోవచ్చు మీరు కూడా. రాత్రి గాలికి చెక్కలు శబ్దం చేస్తాయి, దయ్యం అనుకోకండి. దయ్యం కథ కూడా ఉంది లెండి. పోటీలో ఎవడు నచ్చాడని రాజు రాణిని అడిగితే ఆవిడ ఒకణ్ణి చూపించింది, అనుమానంతో రాజు వాడి తల తీయించాడు, రాణి వసారాలోంచి దూకేసింది, రాయి అయిపోయింది. గైడ్లు దీన్ని బాగా సాగదీసి చెబుతారు, నేను ఇంతటితో వదిలేస్తున్నా.

ఇక్కడ మన తెలుగు నేల సంబంధం ఒకటి చెప్పాలి. కోటకి కాస్త పైన రోరిక్ ఇల్లు ఉంది. నికొలాయ్ రోరిక్, రష్యన్ చిత్రకారుడు, 1928లో నగ్గర్ వచ్చి అక్కడే ఉండిపోయి 1947 డిసెంబరులో అక్కడే పోయాడు. హిమాలయాల్ని ఆయన వేసిన రంగుల్లో ఇంకెవరూ వేయలేదు. ఆయన చిన్న కొడుకు స్వెతొస్లావ్ కూడా చిత్రకారుడే, 1945లో సినిమా నటి దేవికా రాణిని పెళ్లి చేసుకున్నాడు. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు మొదట అందుకున్న దేవికా రాణి. ఆవిడ పుట్టింది ఎక్కడ? వాల్తేరులో. మన విశాఖపట్నం. పెళ్లయ్యాక కొన్నేళ్లు ఈ లోయలోనే ఉన్నారు, తర్వాత బెంగళూరు వెళ్లిపోయారు. విశాఖ నుంచి ఎవరైనా వచ్చారా ఇవాళ? ఆ, అక్కడ. ఇక మీకు నగ్గర్ చూడక తప్పదు.

ఇప్పుడు ఇంత గొప్ప పద్ధతి అయితే ఇవాళ ఎవరూ ఎందుకు కట్టడం లేదు? ఇది అడగకుండా నన్ను వదలరని తెలుసు, నేనే అడిగేస్తున్నా.

ఒకటి, దేవదారు. ఇలాంటి ఒక్క ఇంటికి ఎన్ని చెట్లు కావాలో ఊహించండి. ఒకప్పుడు ఊరివాళ్లకి అడవిలోంచి ఇంటి కర్ర నామమాత్రపు ధరకి తెచ్చుకునే హక్కు ఉండేది. ఆ హక్కుని తర్వాత బాగా బిగించారు. బిగించకపోతే అడవి మిగలదు, అదీ నిజమే. బజార్లో కొనాలంటే మామూలు రైతు వల్ల కాదు. రెండు, నిప్పు. 2008 జనవరిలో అదే జిల్లా మలానా ఊళ్లో నిప్పంటుకుంటే ఊళ్లో పెద్ద భాగం, గుళ్లతో సహా కాలిపోయింది. భూకంపానికి భయపడని ఇల్లు అగ్గిపుల్లకి భయపడుతుంది. దీన్ని దాచిపెట్టి పాతదంతా బంగారం అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. మూడు, పని తెలిసిన వడ్రంగులు. పెద్దవాళ్లకి వచ్చు, పిల్లలు టాక్సీ నడుపుతున్నారు. వాళ్లని ఎందుకు తప్పు పడతాం?

దాంతో ఏమైంది? కాంక్రీటు వచ్చింది. నా కాంక్రీటే. కాంక్రీటు చెడ్డదని నేననను, సరిగ్గా లెక్క కట్టి, సరిగ్గా కడ్డీ కట్టి పోస్తే కొండల్లో కూడా బాగా నిలబడుతుంది. కానీ మట్టి వాలు మీద, కింద సన్నటి స్తంభాలు, పైన అయిదారు అంతస్తులు, ముందు పార్కింగు కోసం కొండని నిలువునా కోసేయడం, ఇదీ జరిగేది. 2023 ఆగస్టులో కులు జిల్లా ఆనీలో వరసగా భవనాలు పేకమేడల్లా కూలిన వీడియో మీ అందరి ఫోన్లకీ వచ్చే ఉంటుంది. అంతకు ముందు నెలలో బియాస్ పొంగి గట్టున కట్టినవి కొట్టుకుపోయాయి. ఇక్కడే నేను మొదట గుర్తుపెట్టుకోమన్న ఎత్తు సంగతి. కాఠ్‌కుణీ గోడ నదిని ఆపలేదు. కొండ జారితే అదీ జారుతుంది. జగత్‌సుఖ్, నగ్గర్ లాంటి పాత ఊళ్లు నదికి ఎత్తున, గట్టి నేల ఉన్న మెట్టు మీద ఉన్నాయి చూడండి, వాటిని కాపాడింది మొదట ఆ చోటు, తర్వాతే గోడ. మనం చోటు సంగతి వదిలేసి గోడని మాత్రం మెచ్చుకుంటున్నాం. కొన్ని కొత్త హోటళ్లయితే నది అంచున కాంక్రీటు భవనం కట్టి, దాని మీద చెక్క పలకలు అంటించి, మధ్యలో రాతి టైల్సు వేసి, సంప్రదాయ శైలి అని గదికి ఇంకో రెండు వేలు ఎక్కువ వసూలు చేస్తున్నాయి. మూల దగ్గరికి వెళ్లి చూడండి, దూలం చివర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపించవు. అక్కడ పట్టుబడిపోతారు.

సరే, నగ్గర్ వెళ్లేవాళ్లకి నాలుగు ముక్కలు. పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే మనాలి టాక్సీలన్నీ దిగుతాయి, వసారాలో సెల్ఫీల జాతర. టికెట్ తీసుకుని నేరుగా లోపలికి పరుగెత్తకండి, ముందు బయటి గోడ చుట్టూ ఒకసారి తిరగండి, కింది వైపు నుంచి చూస్తే రాతి పీఠం ఎత్తు తెలుస్తుంది. జగతీ పట్ దగ్గర చెప్పులు విప్పాలి. కోట కింద గౌరీశంకర గుడి ఉంది, అది పూర్తి రాతి కట్టడం, శిఖరం ఉన్న గుడి, కోట కంటే పాతది. కాస్త పైకెళ్తే త్రిపుర సుందరి గుడి, అది కర్ర, అంతస్తుల కప్పులతో. ఒకే ఊళ్లో రెండు పద్ధతులూ పక్కపక్కన చూడొచ్చు. వర్షాకాలం మాత్రం వద్దు. జులై, ఆగస్టు అసలు వద్దు, ఆ రోడ్ల మీద టెన్షన్ తప్ప ఏం మిగలదు.

ఇంతకీ ముందు వరసలో ఒక కుర్రాడు ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉంచాడు. మనాలి వెళ్లాననా, ప్రశ్న ఉందనా? ప్రశ్నా. అడుగు బాబూ, మైకు ఇవ్వండి.